గుండె దడ: ఇది టెన్షనా, గుండె జబ్బా? ఎలా తెలుసుకోవాలి?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. రాత్రి ఒంటిగంటకి ఇంట్లో అందరూ నిద్రపోతుంటే, ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించుకుని చాలామంది గూగుల్‌లో కొట్టే ప్రశ్న ఇది. "గుండె దడగా ఉంది, ఛాతీ పట్టేసినట్టుంది, ఇది టెన్షనా, హార్ట్ ఎటాకా?"

ఫిజీషియన్‌గా నా దగ్గరకి ఈ భయంతో వచ్చే ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లు చాలామందే ఉంటారు. ఈ భయం ఎందుకు పెరిగిందో మీకూ తెలుసు. 2021 అక్టోబర్ 29న పునీత్ రాజ్‌కుమార్ గారు 46 ఏళ్లకే పోయారు. 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు పోయారు, ఆయనకి 50 ఏళ్లు. 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన తారకరత్న గారు మూడు వారాల తర్వాత కన్నుమూశారు. ఆయనకి ఇంకా 40 కూడా నిండలేదు. వీటికి తోడు జిమ్‌లో పడిపోయినవాళ్లు, బరాత్‌లో డాన్స్ చేస్తూ పడిపోయినవాళ్ల క్లిప్పులు. రీల్స్‌లో అలాంటిది ఒకటి ఆగి చూస్తే వెనకాలే పది వస్తాయి.

ఇక్కడ రెండు రకాల నష్టం జరుగుతోంది. ఒకటి, నిజంగా గుండె నొప్పి వచ్చినవాళ్లు "గ్యాస్ అయ్యుంటుందిలే" అని ఈనో తాగి, జెలూసిల్ వేసుకుని, తెల్లారేదాకా ఆగిపోవడం. రెండు, గుండె నిక్షేపంలా ఉన్నవాళ్లు నెలకోసారి ఈసీజీ తీయించుకుంటూ, మెట్లెక్కడానికి కూడా భయపడుతూ బతకడం. మొదటిదాంట్లో ప్రాణం పోతుంది. రెండోదాంట్లో ప్రాణం ఉంటుంది కానీ జీవితం ఆగిపోతుంది.

అందుకే ముందే ఒక మాట చెప్తాను, మిగతాదంతా దీని చుట్టూనే ఉంటుంది. ఇలాంటి లక్షణం మొదటిసారి వచ్చినప్పుడు అది ఏమిటో మీరే తేల్చకండి, డాక్టర్‌తో తేల్చుకోండి. గుండె బాగుందని ఒకసారి సరిగ్గా తేలిన తర్వాత, అదే లక్షణానికి మళ్లీ మళ్లీ తేల్చుకోవడం ఆపండి.

రెండూ ఒకేలా ఎందుకు ఉంటాయి?

చూడండి, భయం అనేది మనసులో మొదలైనా, పని చేసేది ఒంట్లో. కుక్క వెంటపడిందనుకోండి. అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పరిగెత్తడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. ప్యానిక్ అటాక్‌లో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ కుక్క ఉండదు. పరిగెత్తే పని లేదు కాబట్టి ఆ దడ అంతా మీకు స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు నిజమైన హార్ట్ ఎటాక్ చూద్దాం. గుండెకి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడి, ఆ భాగం కండరానికి రక్తం అందదు. శరీరానికి అది పెద్ద ప్రమాదం కాబట్టి అక్కడ కూడా అడ్రినలిన్ వస్తుంది. చెమట, దడ, చచ్చిపోతానేమో అనే భయం అక్కడా ఉంటాయి. అంటే "నాకు బాగా భయమేసింది, కాబట్టి ఇది టెన్షనే" అనుకోవడం తప్పు. భయం రెండింట్లోనూ ఉంటుంది.

ఈ తికమక ఈనాటిది కూడా కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన డా కోస్టా అనే డాక్టర్, గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్న సైనికులని పరీక్షించి 1871లో ఒక వ్యాసం రాశారు. గుండెలో జబ్బు కనపడదు, లక్షణాలు మాత్రం గుండెవే. తర్వాత దానికి 'సోల్జర్స్ హార్ట్' అనే పేరు వచ్చింది. ఆ సైనికులు నాటకాలాడలేదు. ఈరోజు మీకొచ్చే దడ కూడా నాటకం కాదు. "ఏం లేదు, ఊరికే ఊహించుకుంటున్నావ్" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. లక్షణం నిజమే. కారణం ఎక్కడుందన్నదే ప్రశ్న.

ప్యానిక్ అటాక్ ఎలా నడుస్తుంది?

సాధారణంగా ఇది ఒక్కసారిగా మొదలై, పది నిమిషాల్లోపు బాగా ఎక్కువై, ఇరవై ముప్పై నిమిషాల్లో మెల్లగా దిగుతుంది. తర్వాత ఒళ్లంతా నీరసం. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేలా కూడా వస్తుంది.

ఇందులో బాగా భయపెట్టేది తిమ్మిర్లు. అది ఎందుకో చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే సగం భయం పోతుంది. గాబరాలో మనం అవసరానికి మించి ఊపిరి తీసి వదులుతాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడుకెళ్లే రక్తనాళాలు కొంచెం సన్నబడి తల తేలిపోయినట్టు ఉంటుంది. రక్తంలో పనిచేసే కాల్షియం తాత్కాలికంగా తగ్గి రెండు చేతుల వేళ్లు, పెదాల చుట్టూ చిమచిమలాడతాయి. ఒక్కోసారి వేళ్లు కొంకర్లు పోతాయి కూడా. చూసేవాళ్లకి పక్షవాతమేమో అనిపిస్తుంది. ఊపిరి నెమ్మదిస్తే అదే సర్దుకుంటుంది.

విచిత్రం ఏంటంటే, ఆక్సిజన్ సరిపడా ఉన్నా "ఊపిరి అందట్లేదు" అనిపిస్తుంది. అందట్లేదని ఇంకా గట్టిగా పీలుస్తారు, తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి. అలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి.

మరి గుండె నొప్పి ఎలా ఉంటుంది?

మన దగ్గర ఎక్కువమంది చెప్పే మాటలు ఇవి: "ఛాతీ మీద బండ పెట్టినట్టుంది", "పిండేస్తున్నట్టుంది", "బరువుగా ఉంది". నొప్పి చూపించమంటే ఒక్క వేలితో చూపించరు, అరచేయి మొత్తం ఛాతీ మధ్యలో పెడతారు. అక్కడినుంచి ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, మెడకో, వీపుకో పాకుతుంది. చల్లటి చెమట, వాంతి వచ్చినట్టు ఉండటం, ఆయాసం తోడవుతాయి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. అందరికీ ఇలా సినిమాలో చూపించినట్టు రాదు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవాళ్లలో ఛాతీ నొప్పి పెద్దగా లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి విపరీతమైన అలసట, ఆయాసం, కడుపు పైభాగంలో మంట, దవడ లాగడం, అంతే. మీ అమ్మగారు "గ్యాస్ పట్టేసింది, ఒళ్లంతా చెమటలు" అన్నారంటే సోడా తెచ్చివ్వడం కాదు, ఈసీజీ తీయించాలి.

తేడా చూడటానికి నాలుగు ప్రశ్నలు

డాక్టర్లు అడిగే ప్రశ్నలే ఇవి. వీటితో మీరే రోగం తేల్చేయమని చెప్పట్లేదు. ఎంత త్వరగా కదలాలో అర్థం కావడానికి, డాక్టర్‌కి సరిగ్గా చెప్పడానికి పనికొస్తాయి.

మొదటిది, ఏం చేస్తుంటే వచ్చింది? నడిస్తే, మెట్లెక్కితే, బరువు మోస్తే ఛాతీలో బరువుగా అనిపించి, ఆగితే తగ్గుతోందంటే, అది గుండె రక్తనాళాల్లో అడ్డంకికి బలమైన సూచన. నొప్పి ఇప్పుడు లేదు కదా అని వదిలేయకూడదు. అదే, కూర్చుని ఆలోచిస్తుంటే వచ్చి, లేచి ఇంటిపనిలో పడితే పోతోందంటే గుండె అయ్యే అవకాశం తగ్గుతుంది. కానీ దీన్ని తిప్పి అనుకోకండి. హార్ట్ ఎటాక్ పడుకున్నప్పుడు కూడా వస్తుంది. "ఖాళీగా ఉన్నప్పుడు వచ్చింది కాబట్టి గుండె కాదు" అనే సూత్రం లేదు.

రెండోది, ఎక్కడ, ఎలాంటి నొప్పి? సూదితో గుచ్చినట్టు ఒక్క సెకను వచ్చి పోయేది, ఒక వేలితో చూపించగలిగేది, నొక్కితే పెరిగేది, పక్కకి తిరిగితే మారేది చాలాసార్లు కండరాలు, పక్కటెముకల కీళ్ల నొప్పి. రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవాళ్లలో, జిమ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో మామూలే.

మూడోది, ఎంతసేపు ఉంది? ప్యానిక్ ఎక్కి దిగుతుంది. హార్ట్ ఎటాక్ నొప్పి దిగకుండా అలాగే ఉంటుంది, లేదా తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఛాతీలో బిగుతు పది, పదిహేను నిమిషాలు దాటినా తగ్గట్లేదంటే ఇక ఆలోచించే పని లేదు, బయలుదేరాలి.

నాలుగోది, ఎవరికి వచ్చింది? 22 ఏళ్ల అమ్మాయి, పొగ తాగదు, షుగర్ లేదు, ఇంట్లో ఎవరికీ గుండె జబ్బు లేదు. 38 ఏళ్ల అబ్బాయి, రోజుకో పెట్టె సిగరెట్లు, బీపీ, నాన్నకి 45కే స్టెంట్. ఇద్దరికీ ఒకే దడ వచ్చినా ఇద్దరి లెక్క ఒకటి కాదు. మన దక్షిణాసియావాళ్లకి గుండె జబ్బు మిగతా ప్రపంచం కంటే ముందే వస్తుందని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తేలింది. మొదటి హార్ట్ ఎటాక్ వచ్చే మధ్యస్థ వయసు మనదగ్గర 53 అయితే మిగతాచోట్ల 59కి దగ్గరగా ఉంది. అంటే "చిన్న వయసు కదా, రాదులే" అనే ధీమా వద్దు. అలాగని 22 ఏళ్లకి ప్రతి దడా హార్ట్ ఎటాక్ అనే భయమూ వద్దు.

ఇంకొక మాట. మీకు యాంగ్జైటీ ఉందని ఇంతకుముందే తేలి ఉండొచ్చు. దానర్థం గుండె జబ్బు మీ జోలికి రాదని కాదు. ఎప్పుడూ వచ్చేలా కాకుండా కొత్త రకంగా వస్తే, దాన్ని కొత్త లక్షణంలాగే చూడాలి.

ఈ రెండూ కాని మూడో రకం

చాలా వీడియోల్లో ఇది చెప్పరు. గుండె రక్తనాళాలు బాగానే ఉంటాయి, గుండెలో కరెంటు నడిచే దారిలో తేడా ఉంటుంది. ఎస్‌వీటీ అంటాం. ఇది చిన్నవయసు వాళ్లలో, ముఖ్యంగా అమ్మాయిల్లో, ప్యానిక్ అటాక్ అనుకుని ఏళ్ల తరబడి వదిలేయడం జరుగుతుంది.

తేడా ఎలా ఉంటుందంటే, టెన్షన్‌లో గుండె వేగం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. కూర్చుని ఉంటే ఎక్కువగా 100 నుంచి 140 మధ్యలో తిరుగుతుంది. ఎస్‌వీటీలో స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 150, 180, ఇంకా పైకి వెళ్లి, మళ్లీ స్విచ్ తీసినట్టు ఆగిపోతుంది. ముందు దడ వస్తుంది, ఆ దడ చూసి భయం వస్తుంది. ఇలా ఉంటే డాక్టర్‌కి ఇదే మాట చెప్పండి: "ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగిపోతోంది" అని. దడ ఉన్న సమయంలో తీసిన ఈసీజీయే దీన్ని పట్టిస్తుంది. 24 గంటలు కట్టే హోల్టర్ కూడా సాయపడుతుంది. దీనికి మంచి వైద్యం ఉంది.

గుండెకి సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం, రక్తహీనత, జ్వరం, ఒంట్లో నీళ్లు తగ్గడం, నిద్ర లేకపోవడం. ఎనర్జీ డ్రింకులు, రోజుకి ఆరేడు కాఫీలు, సిగరెట్, వేపింగ్. కొన్ని జలుబు మాత్రలు, ఆస్తమా ఇన్‌హేలర్లు కూడా దడ పుట్టిస్తాయి. అందుకే డాక్టర్లు హిమోగ్లోబిన్, థైరాయిడ్ టెస్టులు కూడా రాస్తారు. అనవసరం అనుకోకండి.

ఇవి ఉంటే ఆగొద్దు, 108కి కొట్టండి

ఛాతీలో బరువు, బిగుతు తగ్గకుండా ఉండటం. అది చేతికి, దవడకి, వీపుకి పాకడం. చల్లటి చెమటలు, వాంతి. విశ్రాంతిలో కూడా ఆయాసం. స్పృహ తప్పడం, ముఖ్యంగా ఆడుతూ పరిగెత్తుతూ పడిపోవడం. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయిన చరిత్ర ఉండి మీకు దడ, కళ్లు తిరగడం. ఒక కాలు వాచి, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే నొప్పి. ఇది ఊపిరితిత్తుల్లో గడ్డ కావచ్చు.

108 రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉచితం. అంబులెన్స్ వచ్చేలోపు నడవకండి, బండి నడుపుకుంటూ వెళ్లకండి. ఇంటి తలుపు గడియ తీసి, కూర్చోండి. ఆస్పిరిన్ నమలాలా వద్దా అన్నది ఫోన్‌లో ఉన్నవాళ్లని అడగండి. అలర్జీ, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లకి అది పడదు. చాలా ఇళ్లలో నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఉంటుంది. డాక్టర్ మీకు రాసివ్వకపోతే అది వాడకండి. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

హాస్పిటల్‌లో మొదటి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అడగండి, మొహమాటపడకండి. ఇంకో విషయం, ఒక్క ఈసీజీ మామూలుగా ఉంటే హార్ట్ ఎటాక్ లేదని కాదు. మొదట్లో మార్పులు కనపడకపోవచ్చు. అందుకే అనుమానం ఉంటే మళ్లీ ఈసీజీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండోసారి చేస్తారు. "ఒకసారి చేశారు కదా, డబ్బుల కోసం మళ్లీ చేస్తున్నారు" అని మధ్యలో లేచి వచ్చేయకండి.

తొందర ఎందుకంటే, మూసుకుపోయిన నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం మిగులుతుంది. ప్యానిక్ అటాక్‌కి హాస్పిటల్‌కి వెళ్తే పోయేది ఒక రాత్రి నిద్ర, కొంత డబ్బు. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మీ ఎదుట ఎవరైనా పడిపోయి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి మామూలుగా లేకపోతే, 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నీళ్లు తాగించొద్దు.

గుండె బాగుందని తేలింది. ఇప్పుడేంటి?

డాక్టర్ చూశారు, ఈసీజీ, అవసరమైతే టూడీ ఎకో, రక్తపరీక్షలు అయ్యాయి, అంతా బాగుందన్నారు. ఇంటికొచ్చారు. వారం తర్వాత మళ్లీ దడ. "వాళ్లు సరిగ్గా చూడలేదేమో" అని ఇంకో డాక్టర్. అక్కడా మామూలే. రెండు రోజులు హాయి, మళ్లీ అనుమానం. స్మార్ట్‌వాచ్‌లో గంటకి పదిసార్లు పల్స్ చూడటం. చూసిన ప్రతిసారీ భయం, భయానికి పల్స్ పెరగడం, పెరిగిందని ఇంకా భయం. ఇక్కడ టెస్ట్ ఒక మందులా తయారైంది. రెండు రోజులు పనిచేసి దిగిపోతుంది, మళ్లీ డోసు కావాలి.

దీనికి దారి ఇంకో ఈసీజీ కాదు. యాంగ్జైటీకే వైద్యం చేయించుకోవాలి. అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అవసరమైతే సైకియాట్రిస్ట్ రాసే మందులు. రెండూ బాగా పనిచేస్తాయి. సైకియాట్రిస్ట్ అంటే పిచ్చి డాక్టర్ అనే రోజులు పోవాలి. ఖర్చు గురించో, ఎవరైనా చూస్తారనో వెనకాడుతుంటే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, ఏ వేళైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మెడికల్ షాప్‌లో అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలమ్ లాంటి మాత్రలతో జాగ్రత్త, అలవాటైపోతాయి. దడ తగ్గడానికి స్నేహితుడు ఇచ్చిన ప్రొప్రనలాల్ కూడా అంతే. ఆస్తమా ఉన్నవాళ్లకి అది ప్రమాదం.

ఆ క్షణంలో ఏం చేయాలి? ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదలడం పొడుగ్గా ఉండాలి, అదే ముఖ్యం. ఐదు నిమిషాలు. కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కా వద్దు, కారణం వేరే అయితే ఆక్సిజన్ తగ్గి ప్రమాదం. "ఇది ఇంతకుముందు వచ్చింది, ఎక్కింది, దిగింది" అని మీకు మీరే చెప్పుకోండి. తర్వాత ఫోన్‌లో నోట్ రాసుకోండి: ఎప్పుడు, ఏం చేస్తుంటే, ఎంతసేపు, పల్స్ ఎంత. డాక్టర్‌కి ఈ నాలుగు లైన్లు పది గూగుల్ సెర్చ్‌ల కంటే ఎక్కువ పనికొస్తాయి.

వ్యాయామం మానకండి. గుండె బాగుందని తేలినవాళ్లు మెట్లెక్కితే వచ్చే దడ మామూలు దడ. దాన్ని తప్పించుకుంటూ పోతే, చిన్న దడకే భయమేసేలా తయారవుతారు. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. నడుస్తుంటే ఛాతీలో బరువు వస్తే మాత్రం అది కొత్త లక్షణం, ఇందాక చెప్పిన నాలుగు ప్రశ్నల దగ్గరకి వెళ్లండి.

ఈరోజుకి ఇంతే అండి. ఈ వీడియో మీ కోసం ఎంతో, మీ అమ్మానాన్నల కోసం కూడా అంతే. వాళ్ల ఫోన్లలో 108, దగ్గర్లో ఈసీజీ తీసే హాస్పిటల్ నంబర్ ఉన్నాయో లేదో ఈ సాయంత్రమే చూడండి. లేకపోతే మీరే సేవ్ చేసి పెట్టండి.